నీళ్ళ మీద వచ్చిన నాలుగో రాజు

ఆ రోజుల్లో మా కాలనీలో క్రిస్మస్ నక్షత్రం పట్టపగలే పొడిచేది. తమాషాకు చెప్పడం లేదు. (తమాషాకు చెప్పేవి వేరే ఉన్నాయి, వస్తాయి.) పార్టీలూ కక్షలూ కేసులూ ముమ్మరంగా ఉన్న ఏళ్ళవి. జమ్మలమడుగులో పొద్దు వాలితే అంగళ్ళ తలుపులు పడేవి. పులివెందుల బస్సు చీకటి పడకముందే ఊరు చేరాలని ఆపమన్నచోట కూడా ఆపకుండా పరిగెత్తేది. ప్రొద్దుటూరుకు సినిమాకు పోయినవాళ్ళు రెండో ఆట అనేది ఒకటుందన్న సంగతే మరిచిపోయారు. పొద్దుగూకినాక పదిమంది ఒకచోట చేరితే పోలీసులు వచ్చి ఎందుకు చేరారని అడిగేవాళ్ళు; మనం చెప్పే జవాబు ఎంత నిజమైతే వాళ్ళకు అంత అనుమానం. మా చర్చి అయ్యగారు స్టేషనుకు పోయి, "ప్రభువు రాత్రిపూట పుట్టాడండీ, పగలు కాదండీ" అని ఎంత బతిమాలుకున్నా పర్మిషను పొద్దుగూకే వరకే ఇచ్చేవాళ్ళు. కాబట్టి బేత్లెహేములో రాత్రి జరిగిన సంగతులన్నీ మా దగ్గర మధ్యాహ్నం సంగటి తిన్నాక మొదలై, గొర్రెలు దొడ్లకు మళ్ళే వేళకు ముగిసిపోయేవి. తూర్పుదేశపు జ్ఞానులు నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, ఎండలో కళ్ళు చికిలించుకుంటూ నక్షత్రాన్ని వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఒక ఏడు ఆ పట్టపగలే, అంత వెలుతురులోనే నేను చూసినదాన్ని తలుచుకుంటే మాత్రం నాబోటి వాగుడుకాయ కూడా గొంతు తగ్గిస్తాడు.

మా కాలనీ మైలవరం డ్యాం నీళ్ళ ఒడ్డున ఉంటుంది. సగం ఇళ్ళవాళ్ళు గొర్రెలు మేపుతారు, సగం ఇళ్ళవాళ్ళు పుట్టి వేసుకొని చేపలు పడతారు. (పుట్టి అంటే వెదురుతో పెద్ద బుట్ట అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. మనం పోవాలనుకున్న వైపు తప్ప మిగిలిన అన్ని వైపులకూ అది సంతోషంగా పోతుంది.) పార్టీల పేర్లు మా దగ్గర ఎవరూ నోటితో పలకరు. 'ఈ పక్క', 'ఆ పక్క' అంటారు, అంతే. టీ అంగళ్ళు రెండు, క్షవరం అంగళ్ళు రెండు, బోరింగులు రెండు. ఈ పక్కవాడు ఆ పక్క అంగట్లో గడ్డం గీయించుకోడు. మెడ దగ్గర కత్తి పెట్టే పని గదా, నమ్మకం ఉండాలి. చర్చి ఒక్కటే మిగిలింది. రెండోది కట్టాలని రెండు పక్కల పెద్దలకూ ఉండేది గానీ, మా దిక్కు రావడానికి ఒప్పుకున్న అయ్యగారు ఒక్కరే దొరికారు.

నా సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పడక బడి మానేశాను. (నాకు లెక్కలు ఈ జన్మకు రావని ఆయన అభిప్రాయం. నా అభిప్రాయమూ అదే. అంత బాగా కలిసిన అభిప్రాయాలతో కూడా కుదరలేదు.) జమ్మలమడుగులో ఒక మైకుసెట్టు అంగట్లో చేరాను. మీసం సరిగ్గా మొలవకముందే నా గొంతు తాలూకా అంతా తెలిసిపోయింది. పొద్దున ఈ పక్క మీటింగులో, "మన ప్రియతమ నాయకుడు మరికొద్ది సేపట్లో మన మధ్యకు విచ్చేయనున్నారు" అని అరిచి, సాయంత్రం అదే గొంతుతో, అదే చొక్కాతో ఆ పక్క మీటింగులో అదే మాట అరిచేవాణ్ణి. ఇద్దరు నాయకులూ ఎప్పుడు చూసినా మరికొద్ది సేపట్లోనే ఉండేవాళ్ళు. రెండు పక్కలకూ కావలసినవాణ్ణి కాబట్టి ఏ పక్కకూ చెందనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గొప్పతనం కాదు, ఉద్యోగం.

మా అయ్యగారిది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే చిన్న ఊరు. వచ్చిన కొత్తలో మా మాటలు వింటే తిడుతున్నామనుకొని హడలిపోయేవాడు. ఒకసారి మా అవ్వ ఎదురుపడి, "ఏమయ్యా, ఉండావా పోయినావా? శానా దినాలైంది నీ మొగం జూసి" అని ఎంతో ఆప్యాయంగా పలకరిస్తే, పాపం ఆయన ఇంటికి పోయి తలుపు వేసుకొని ప్రార్థన చేసుకున్నాడు. మెల్లగా అలవాటు పడ్డాడు. ఆయన ఊళ్ళో క్రిస్మస్ పాకను తిరగేసిన పడవ కింద కడతారట. పైన వల పరుస్తారట. జ్ఞానులు ఒంటెల మీద కాకుండా పడవలో వచ్చి ఒడ్డున దిగుతారట. అన్నిటికన్నా ముఖ్యం, పశువుల తొట్టిలో బాలయేసు బొమ్మను పెట్టరట. ఊళ్ళో అందరికన్నా ఆఖర్న పుట్టిన బిడ్డను, ఎవరింటి బిడ్డయినా సరే, తెచ్చి పడుకోబెడతారట. "పుట్టిన బిడ్డకు పార్టీ ఏముంటుందండీ" అన్నాడు ఆయన. మా దగ్గర పుట్టకముందే ఉంటుందని ఆయనకు చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు. పడవ లేదు కాబట్టి పాతబడిన పెద్ద పుట్టిని చర్చి ముందు ఏటవాలుగా నిలబెట్టి, కింద గడ్డి పరిచి, దాన్నే పాక చేశాము. చూస్తే ఒక పెద్ద నల్లటి చెయ్యి బిడ్డకు గాలి తగలకుండా అడ్డం పెట్టినట్టు ఉండేది.

ఇక జ్ఞానుల దగ్గర రాజకీయం మొదలైంది. ముగ్గురు జ్ఞానుల్లో ఈ పక్కనుంచి ఒకడు, ఆ పక్కనుంచి ఒకడు, మధ్యలో గొడవ రాకుండా నేను. (నన్ను జ్ఞాని అన్నది మా లెక్కల సారుకు తెలిసిందో లేదో, తెలిసుంటే బదిలీ అడిగి ఉంటాడు.) జ్ఞానులను మేము రాజులనే అంటాము; ఈ పక్క రాజు ట్రాక్టరన్న, ఆ పక్క రాజు మీసాలన్న. ఎవరు ఏ కానుక పట్టుకోవాలనే దగ్గర చిక్కు వచ్చింది. బంగారం, సాంబ్రాణి, బోళం అని బైబిల్లో ఉంది. బంగారం మాకంటే మాకని రెండు పక్కలా పట్టుబట్టారు. అయ్యగారు నెత్తి పట్టుకున్నాడు. చివరికి ఇద్దరికీ బంగారమే అని తేల్చారు. ప్రొద్దుటూరు నుంచి ఒకే తీరు పెట్టెలు రెండు, ఒకే తూకం కవరింగు గొలుసులు రెండు తెప్పించారు. సాంబ్రాణి, బోళం రెండూ ఒకే పళ్ళెంలో పెట్టి నాకిచ్చారు. బోళమంటే ఏందో కాలనీలో ఎవరికీ తెలియదు. ప్రొద్దుటూరు కిరాణా అంగట్లో అడిగితే కాసేపు ఆలోచించి కరక్కాయలు పొట్లం కట్టిచ్చారు.

ఆ ఏడు కాలనీలో ఆఖర్న పుట్టిన బిడ్డ మా అక్క కొడుకు. అక్కడే వచ్చింది అసలు కష్టం. మా బావ ఊళ్ళో లేడు. అంతకు కొన్నాళ్ళ ముందు డ్యాం గేట్ల దగ్గర గొడవ జరిగి, మీసాలన్న తమ్ముడికి చెయ్యి విరిగింది. మా దిక్కు కేసు రాయించే పద్ధతి ఏమిటంటే, కొట్టినవాళ్ళ పేర్లతోపాటు కొట్టగలిగినవాళ్ళ పేర్లు కూడా రాయిస్తారు. మా బావ ఆ రోజు ఖాజీపేటలో లారీకి టైరు మార్చుకుంటున్నాడు. కానీ మనిషి ఆరడుగులు, భుజాలు వాకిలి పట్టవు. ఈ పక్కవాడు. అంత ఆకారాన్ని చూసి పేరు చేర్చకుండా ఎవరుంటారు? ఇంట్లో ఉంటే పోలీసులు, వీధిలో కనపడితే ఆ పక్కవాళ్ళు. అక్కకు నెలలు నిండుతుండగా ఒక పొద్దు ఆయన మాయమయ్యాడు. గండికోట కొండల్లో ఉన్నాడని కొందరు, బ్రహ్మంగారిమఠంలో గుండు కొట్టించుకొని భక్తుల్లో కలిసిపోయాడని కొందరు, కువైటుకు పోయాడని కొందరు. అక్క మాత్రం ఎవరేమన్నా వింటూ బిడ్డకు ఉయ్యాల ఊపేది. బిడ్డ పుట్టాడు, పాలు తాగాడు, మెడ నిలిపాడు, మనుషుల మొఖాల్లోకి చూసి నవ్వడం నేర్చుకున్నాడు. తండ్రి చూడలేదు.

అయ్యగారు బిడ్డను అడగడానికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అక్క తల కూడా ఎత్తకుండా చెప్పింది.

"నేనియ్యను అయ్యగారూ. వాళ్ళ నాయనే ఇంతవరకు చూడల్యా. నాయన చూడని బిడ్డను ఊరంతా నిలబడి చూడాల్నా?"

అయ్యగారు లేచి వెళ్ళిపోయాడు. తొట్టిలో బొమ్మనే పెడదామనుకున్నారు. కానీ పండగ దగ్గరికి వచ్చాక అక్క తనంతట తానే చర్చికి పోయి, "పెట్టుకోండి అయ్యగారూ, ఇస్తాను" అని చెప్పి వచ్చింది. తల దువ్వుకొని ఉంది. చాలా రోజుల తర్వాత పూలు పెట్టుకుంది.

"ఏందక్కా, మనసెట్ల మారింది?" అన్నాను.

"నువ్వు పోయి నీ మైకు చూసుకోపో. రాజువంట, గడ్డం జారిపోకుండా చూసుకో" అంది.

రాజుల అంగీలు కుట్టింది మా వీధి చివర టైలర్ మామ. ఆయన కొడుకు కువైటులో ఉండేవాడు. అక్కడి షేకులు తొడుక్కునే పొడుగు అంగీల ఫోటోలు పంపిస్తే, వాటిని చూసి జరీ అంచులు వేసి కుట్టేవాడు. మా యేసుప్రభువు జ్ఞానులంతటి అచ్చమైన తూర్పుదేశపు జ్ఞానులు ఇంకెక్కడా ఉండరని ఆయన గట్టి నమ్మకం. నా అంగీ తెచ్చుకోవడానికి పోతే, దండెం మీద మూడు కాదు, నాలుగు వేలాడుతున్నాయి. నాలుగోది నేల జీరాడుతోంది.

"ఇదెవరికి మామా? శానా పొడుగుండాదే?"

"గుడ్డ మిగిలింది అల్లుడా, కుట్టేసినా."

"మిగిలిన గుడ్డ ఆరడుగులుంటాదా?"

"యా అల్లా! రాజువై కూడా టైలర్ అంగట్లో ఏం పనిరా నీకు? పో, పోయి రాజ్యం ఏలుకోపో."

వచ్చేశాను. నాకు లెక్కలు రావని ముందే చెప్పాను గదా. ముగ్గురు రాజులు, నాలుగు అంగీలు; ఇంత చిన్న లెక్క కూడా నా బుర్రకు తట్టలేదు.

పండగ రోజు మధ్యాహ్నానికే జనం దిగిపోయారు. ఈ పక్కవాళ్ళు ఎడమ చేతివైపు, ఆ పక్కవాళ్ళు కుడి చేతివైపు, మధ్యలో జ్ఞానులు నడవడానికి దారి. కట్ట మీద రోడ్డుకు రెండు వైపులా పోలీసులు. వాళ్ళ మీద హెడ్డు ఒకాయన, లావుపాటి మనిషి, నడుము మీద చేతులు పెట్టుకొని ప్రతివాణ్ణీ ఆపి తడిమి చూస్తున్నాడు. గొర్రెలను తోలుకొచ్చిన కాపరుల సంకల్లో కంబళ్ళు దులిపించాడు. మా ముగ్గురి వంతు వచ్చింది.

"ఏంది పెట్టెలో?"

"బంగారం సార్" అన్నాడు ట్రాక్టరన్న.

"తెరువు. రాజులైతే? మంత్రుల పెట్టెలే తెరిపించినా నేను." రెండు పెట్టెలూ తెరిపించి, గొలుసులు అటూ ఇటూ తిప్పి చూసి, నా పళ్ళెం దగ్గరికొచ్చాడు. "ఇదేంది?"

"బోళం సార్."

"కరక్కాయలు గదరా ఇవి!"

"ప్రొద్దుటూరులో బోళమంటే ఇవే ఇచ్చినారు సార్. వాడు చలికాలం పుట్టినోడు, దగ్గొస్తే పనికొస్తాయి లేండి."

హెడ్డు నవ్వు ఆపుకొని, "ముగ్గురేనా రాజులు?" అన్నాడు. ముగ్గురే అన్నాము. "ఆఁ, ముగ్గురే. ఇంగొకడు కనపడినాడంటే పండగ ఆపిస్తా" అని మా భుజాలు తట్టి పంపించాడు.

నా వేషం మీరు ఊహించుకోవాలి. తల మీద బంగారు కాగితం కిరీటం, ఒంటి మీద జరీ అంగీ, మొఖానికి గొర్రెబొచ్చుతో చేసిన గడ్డం. (ఆ బొచ్చు ఇచ్చిన గొర్రె పాకలోనే ఉంది, నన్నే గుర్తుపట్టినట్టు చూస్తోంది.) ఒక చేతిలో కరక్కాయల పళ్ళెం, ఇంకో చేతిలో మైకు. వెనక మైకు వైరు తోకలాగా ఈడ్చుకొస్తున్నది. తెల్ల కాగితం నక్షత్రాన్ని వెదురుగడ కొనకు కట్టి ఎత్తారు. ఎండలో అది ఉందా లేదా అన్నట్టు ఉంది. అక్క బిడ్డను తెచ్చి పుట్టి కింద తొట్టిలో పడుకోబెట్టి, పక్కన కూర్చుంది. వాడు వెంటనే రాగం ఎత్తుకున్నాడు. జనం గోల, బిడ్డ ఏడుపు, గొర్రెల అరుపులు. నేను మైకు అందుకున్నాను. ఏం చెప్పాలో అయ్యగారు కాగితం మీద రాసిచ్చాడు గానీ, నోటికి అలవాటైన పని వేరు. కాగితం చూడకుండానే బయటికొచ్చేసింది:

"మన ప్రియతమ నాయకుడు! లోకరక్షకుడు! పేద ప్రజల కోసమే పుట్టినవాడు! మరికొద్ది సేపట్లో... కాదు కాదు, ఇప్పటికే మన మధ్యకు విచ్చేసి ఉన్నారు!"

"జై!" అని ఎడమవైపు వాళ్ళు అలవాటు కొద్దీ అరిచారు. "జై!" అని కుడివైపు వాళ్ళూ అలవాటు కొద్దీ అరిచారు. అరిచినాక ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. రెండు పక్కలూ ఒకే నాయకుడికి జై కొట్టడం మా కాలనీలో అదే మొదటిసారి. అయ్యగారు కళ్ళు మూసుకున్నాడు. కోప్పడ్డాడనుకున్నాను. తర్వాత చెప్పాడు, నవ్వు ఆపుకోవడానికట.

మేము ముగ్గురం నడవడం మొదలుపెట్టామో లేదో, నీళ్ళ వైపు నుంచి ఒక ఆడమనిషి, "అదో, అదో చూడండి!" అంది. అందరూ తిరిగారు. డ్యాం నీళ్ళ మీద పొద్దు వాలుతోంది. నీళ్ళు మొత్తం కరిగిన ఇత్తడిలాగా ఉన్నాయి. ఆ వెలుగు మధ్య నుంచి ఒక పుట్టి మెల్లగా గుండ్రంగా తిరుగుతూ వస్తోంది. దాంట్లో ఒక రాజు నిలబడి ఉన్నాడు. నేల జీరాడే జరీ అంగీ, తల మీద కిరీటం, గుండె మీదికి దిగిన గడ్డం. పుట్టి తిరిగినప్పుడల్లా జరీ ఒకసారి మండినట్టు మెరుస్తుంది, ఒకసారి ఆరిపోతుంది. ఆయన మాత్రం తెడ్డు పట్టుకొని కదలకుండా నిలబడి, ఎటు తిరిగినా మొఖం ఒడ్డు వైపుకే పెట్టుకుంటున్నాడు. పోలీసులు రోడ్డంతా కాశారు గానీ, నీళ్ళు కాయాలని ఎవరికీ తోచలేదు. జనంలో గోల ఒక్కసారి ఆగిపోయింది. గొర్రెల కాపరులు తలపాగాలు తీశారు. నేను అంతవరకు ఎన్నో సభలకు మైకు పట్టినవాణ్ణి. అంతమంది నోళ్ళు ఒక్క మనిషి రాకతో మూతపడటం ఎక్కడా చూడలేదు. పుట్టి ఒడ్డుకు తగిలింది. రాజు దిగాడు. తల కొంచెం వంచి, వాకిలి లేనిచోట కూడా భుజాలు ఒక పక్కకు తిప్పుకొని నడిచే ఆ నడక చూడగానే, నా చేతిలో పళ్ళెం కదిలి కరక్కాయలు గలగలలాడాయి. లెక్క అప్పుడు తేలింది. అక్క వైపు చూశాను. అక్క అటు చూడటం లేదు. బిడ్డ మొఖం మీద లేని ఈగలను తోలుతోంది.

హెడ్డు గబగబా దిగివచ్చాడు. "ఏమయ్యా అయ్యగారూ, ముగ్గురన్నారే! వీడెవడు నాలుగోవాడు?"

అయ్యగారు ఆ రాజును చూశాడు, అక్కను చూశాడు. ఆయనకు ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో నేను ఇప్పటికీ అడగలేదు. "మా ఊళ్ళో జ్ఞానులు పడవలోనే వస్తారండీ" అన్నాడు.

"వచ్చేది ఎట్లొచ్చినా రానీ. ముగ్గురు గదా ఉండాల్సింది?"

"ముగ్గురని బైబిల్లో ఎక్కడా లేదండీ. కొందరు జ్ఞానులు అని ఉంది, అంతే. కావాలంటే చూడండి."

"లేదా?" హెడ్డు నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇంతలో రెండు పక్కల నుంచీ గొణుగుడు మొదలైంది. "ఎవరి మనిషి ప్పా వాడు? మనం ఒక్కణ్ణే గదా పెట్టింది?" అని ఆ పక్క, "మనోడా? మనకు తెలియకుండా ఎట్లొచ్చినాడు?" అని ఈ పక్క. ఇంకాసేపు ఆగితే ఎవడో ఒకడు పోయి గడ్డం లాగుతాడు. నేను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"సోదరులారా! ఈ రాజు ఈ పక్క కాదు, ఆ పక్క కాదు. నీళ్ళ నుంచి వచ్చినాడు. నీళ్ళకు పార్టీ లేదు. ఉంటే డ్యాం గేట్లు ఎత్తినప్పుడు రెండు పక్కల పొలాలూ ఎట్ల పారుతాయి? కూర్చోండి, కూర్చోండి! ప్రభువు ఏడుస్తాండాడు!"

జనం నవ్వారు. నవ్వినవాళ్ళు కూర్చున్నారు. హెడ్డు మాత్రం పట్టు వదలలేదు. "పెట్టె ఏది? చూపించు" అని నాలుగో రాజు ముందుకు పోయాడు. రాజు రెండు చేతులూ చాపి చూపించాడు. ఖాళీ చేతులు. "ఏమీ తేకుండానే వచ్చినావా?" అన్నాడు హెడ్డు, ఏం చెయ్యాలో తెలియక. పెట్టె ఉంటే తెరిపించేవాడు. లేనివాణ్ణి ఎట్లా సోదా చెయ్యాలో ఆయన ఉద్యోగంలో ఎవరూ నేర్పినట్టు లేదు. పక్కకు జరిగాడు.

నలుగురమూ తొట్టి దగ్గరికి పోయాము. ఒక కొసన ట్రాక్టరన్న, తర్వాత నేను, నా పక్కన ఆ కొత్త రాజు, అవతలి కొసన మీసాలన్న. మోకాళ్ళ మీద కూర్చున్నాము. బిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. నా పక్కనున్న రాజు ముందుకు వంగాడు. వంగి చూస్తూ ఉండిపోయాడు. ఏడుపు ఆగింది. బిడ్డ ఆ గడ్డాన్ని చూశాడు, కిరీటాన్ని చూశాడు, నోరు తెరిచి నవ్వాడు. నవ్వి, రెండు గుప్పెళ్ళతోనూ గొర్రెబొచ్చును పట్టుకొని ఒక్క లాగు లాగాడు.

గడ్డం ఊడి వాడి చేతుల్లోకి వచ్చేసింది. మా బావ మొఖం కళ్ళనీళ్ళతో సహా బయటపడింది. ఏటవాలు పుట్టి మాకు ముందు అడ్డం ఉంది, మా వీపులు జనం వైపు ఉన్నాయి. ఆ మొఖం ఎదురుగా కనపడింది అక్కకు, పక్కనుంచి నాకు, ఇంకో పక్కనుంచి మీసాలన్నకు. మీసాలన్న, చెయ్యి విరిగి మంచానపడ్డ తమ్ముడున్న మీసాలన్న, ఒక్క కేక వేస్తే చాలు. కుడివైపంతా ఆయనవాళ్ళే. వెనక పోలీసులు. ఆయన చెయ్యి అంగీ కింద నడుము దగ్గరికి పోవడం చూశాను. ఆ రోజుల్లో మా దిక్కు పుట్టినవాడికి ఆ చెయ్యి అటు ఎందుకు పోతుందో చెప్పాల్సిన పని లేదు. నా చేతిలో మైకు మోగుతూనే ఉంది. మా నలుగురి ఊపిరి డ్యాం కట్ట దాకా వినపడుతోంది. బొటనవేలితో మీట కిందికి లాగి ఆపేశాను. నా అంతట నేను మైకు ఆపింది నా జీవితంలో అదొక్కసారే.

అక్క అరవలేదు. మీసాలన్న వైపు చూసింది, అంతే. ఆయన బిడ్డను చూశాడు. బిడ్డ గొర్రెబొచ్చును నోట్లో పెట్టుకోబోతూ ఆయన వైపు తిరిగి, ఆ పెద్ద మీసాలను చూసి, ఇదింకా బాగుందన్నట్టు కేరింత కొట్టాడు. నడుము దగ్గరికి పోయిన చెయ్యి బయటికి వచ్చింది. దాంట్లో ఒక పాత తువ్వాల ఉంది. అది నడుముకు కట్టుకున్న తువ్వాలో, పక్కనున్న ఇంకోదాన్ని వదిలేసి తీసిన తువ్వాలో నాకు తెలియదు. దాంతో బిడ్డ నోట్లోని బొచ్చు తుడిచాడు. తర్వాత తన జరీ అంగీ అంచును గొడుగులాగా పరిచి జనం వైపుకు అడ్డం పట్టి, ఇంకో చేత్తో ఆ గడ్డాన్ని మా బావ మొఖానికి అదిమిపెట్టాడు.

"గట్టిగా కట్టుకోప్పా. పిల్లోడు మళ్ళా లాగుతాడు" అన్నాడు, గొంతు తగ్గించి.

బావ చూపు బిడ్డ మీది నుంచి కదల్లేదు. నేనే వెనక ముడి వేశాను. మీసాలన్న తన బంగారం పెట్టె, ఏ పెట్టె కోసం రెండు పక్కలూ అంత తగవు పడ్డాయో ఆ పెట్టె, తీసి ఆ ఖాళీ చేతుల్లో పెట్టాడు.

"రాజువై వట్టి చేతులతో వచ్చేదేంది? ఇయ్యి, నీ చేత్తో ఇయ్యి వానికి."

ట్రాక్టరన్న ఆ కొసన కూర్చొని ఏం జరుగుతోందో తెలియక, "ఏంది ప్పా, మైకు పోయిందా?" అని నన్ను గోకుతున్నాడు. పోయిందన్నాను. మా బావ పెట్టెను బిడ్డ కాళ్ళ దగ్గర పెట్టి, ఆ కాళ్ళను నుదుటికి ఆనించుకున్నాడు. వెనక ఎవరో మెల్లగా పాట ఎత్తుకున్నారు. ఎడమవైపు ఎత్తుకున్నారో, కుడివైపు ఎత్తుకున్నారో తెలియలేదు. అందరూ అందుకున్నారు. అప్పటికి పొద్దు నీళ్ళను తాకింది. వెదురుగడ మీద కాగితం నక్షత్రం లోపల దీపం వెలుగుతోందన్న సంగతి అప్పుడు, ఆ మసక వెలుతురులో, మొదటిసారి అందరికీ కనపడింది. "టయిమైంది, టయిమైంది, కదలండి" అని హెడ్డు అరుస్తున్నాడు గానీ, ఆయన కూడా తల పైకెత్తే ఉన్నాడు. నాలుగో రాజు వచ్చినట్టే పుట్టి ఎక్కి, గుండ్రంగా తిరుగుతూ, ఎటు తిరిగినా మొఖం ఒడ్డు వైపుకే పెట్టుకొని వెళ్ళిపోయాడు.

పండగ పోయినాక మా బావ తనంతట తానే కోర్టుకు పోయి లొంగిపోయాడు. బిడ్డ మొఖం చూసినాక దాక్కోవడం చేతకాలేదన్నాడు. కొన్నాళ్ళు కడప జైల్లో ఉన్నాడు. తర్వాత పెద్దలు కూర్చొని మాట్లాడుకున్నారు, ఖాజీపేట టైరు అంగడాయన వచ్చి సాక్ష్యం చెప్పాడు, కేసులోంచి పేరు పోయింది. మీసాలన్న తర్వాత కూడా ఆ పక్కవాడుగానే ఉన్నాడు, మా బావ ఈ పక్కవాడుగానే ఉన్నాడు. వీధిలో ఎదురుపడితే పలకరించుకునేవాళ్ళు కాదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి టీ అంగట్లో నేనే తెగించి, "ఆ పొద్దు ఎందుకట్ల చేసినావు అన్నా?" అని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పిల్లోడు నన్ను జూసి నవ్వినాడు ప్పా. నేనేం చేసేది?" అన్నాడు. అది ఏ పక్క టీ అంగడి అని మీరు అడగొద్దు. అప్పటికి ఒకటే మిగిలింది.

ఇప్పుడు మా కాలనీలో పండగ రాత్రిపూటే జరుగుతుంది. రంగురంగుల కరెంటు దీపాలు, తనంతట తాను పాటలు పాడే నక్షత్రం, అన్నీ వచ్చాయి. పుట్టి పాక మాత్రం మారలేదు. రాజులు కూడా నలుగురే. ముగ్గురు నడిచి వస్తారు, నాలుగోవాడు నీళ్ళ మీద వట్టి చేతులతో వస్తాడు. పక్కనున్న రాజు ఎవరైతే వాళ్ళు తమ పెట్టె అతనికి ఇవ్వాలి. అది పద్ధతి అయిపోయింది. ఎందుకని అడిగితే పిల్లలకు తెలియదు. బైబిల్లో అట్లాగే ఉందనుకుంటారు. మా మేనల్లుడు కువైటు నుంచి సెలవు మీద వచ్చినప్పుడు వాడే నాలుగో రాజు. తండ్రి పొడుగే, టైలర్ మామ కుట్టిన అంగీ ఇంకా వాడికి సరిపోతుంది. నేను ఇప్పటికీ కరక్కాయల పళ్ళెం రాజునే. పోయినసారి కిరీటం పెట్టుకొని అద్దంలో చూసుకొని, నా గొర్రెబొచ్చు గడ్డం ఎక్కడ పెట్టావని అక్కను అడిగాను. అక్క నా మొఖం వైపు చూసి, "నీకింగ గొర్రెబొచ్చు ఎందుకురా, తెల్లగా నీదే ఉండాది గదా" అంది. నిజమే. పట్టి లాగి చూసుకున్నాను. ఊడలేదు.